గోరంత కొక్కెం.. కొండంత గాలింపు

వందేళ్ల నాటి జేబు పిస్తోలు. దానికి కావాల్సింది ఒకే ఒక్క ఉక్కు ముక్క. దాని కోసం మూడు నెలలు వెతికితే తుపాకీ చరిత్ర, స్పేరు పార్టు పుట్టుక, భగత్‌సింగ్ పిస్తోలు నంబరు.. అన్నీ ఒక్కచోట కలిశాయి.

బావ ఆ పిస్తోలును వంటింటి బల్ల మీద పరిచిన పాత తువ్వాలుపై పెట్టాడు. పిడి అడుగున ఉన్న గొళ్లెం నొక్కి మ్యాగజైన్ తీశాడు. ఖాళీ. గొట్టాన్ని మనుషులు లేని గోడ వైపు తిప్పి, స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలాడు. ఏమీ బయటికి రాలేదు. మళ్లీ లాగాడు. మళ్లీ ఏమీ లేదు.

ఇంకొకరైతే అక్కడితో ‘ఖాళీయే’ అనేసేవారు. బావ అనలేదు. స్లైడ్‌ను వెనక్కి పట్టి ఉంచి, దీపం కిందకు వంచి, గొట్టం వెనక భాగంలోకి తొంగిచూశాడు.

“ఒరేయ్ బావా, నువ్వు లేచి అవతలి గదిలోకి వెళ్లు” అన్నాడు. గొంతు మారిపోయింది.

లోపల ఇత్తడి మెరుస్తోంది. తూటా ఉంది.

ఆ రాత్రి ఇద్దరం దాన్ని మరి ముట్టుకోలేదు. పొద్దున్నే బావ ఆ ఊళ్లో తుపాకులు బాగుచేసే పెద్దాయనకు ఫోన్ చేశాడు. ఆయన వచ్చి, చూసి, జాగ్రత్తగా తూటా తీసి, దాన్ని పోలీసుల దగ్గర అప్పగించమన్నాడు. తర్వాత భూతద్దం తీసి స్లైడ్ కుడి పక్కన వేలు పెట్టి చూపించాడు. అక్కడ వేలి కణుపంత ఉక్కు ముక్క ఒకటి ఉండాలి. దాని చివర గోరు మొనంత కొక్కెం ఉండాలి. ముక్క ఉంది. కొక్కెం లేదు. విరిగిపోయి ఎన్నేళ్లయిందో.

ఆ ముక్క పేరు ఎక్స్‌ట్రాక్టర్. స్లైడ్ వెనక్కి వస్తున్నప్పుడు గొట్టంలోని తూటా అంచును పట్టుకుని బయటికి లాగడం దాని పని. ఇలాంటి చిన్న పిస్తోళ్లలో ఒక చిక్కుంది. పేలినప్పుడు పుట్టే వాయువు ఒత్తిడే ఖాళీ ఇత్తడి తొడుగును వెనక్కి నెడుతుంది కాబట్టి, కొక్కెం విరిగినా చాలాసార్లు పిస్తోలు మామూలుగానే పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. కొక్కెం అవసరం నిజంగా తెలిసేది పేల్చకుండా ఖాళీ చేసేటప్పుడు. మ్యాగజైన్ తీశాం, స్లైడ్ లాగాం, ఏమీ రాలేదు, కాబట్టి లోపల ఏమీ లేదు అనుకుంటాం. తూటా మాత్రం గొట్టంలో అలాగే కూర్చుని ఉంటుంది. సొరుగులో ఏళ్ల తరబడి ఉంటుంది. సెలవులకు వచ్చిన మనవలు ఆ సొరుగు తెరుస్తారు.

ఈ కథనం ఆ కొక్కెం గురించి.

ఆటోనగర్ నుంచి హార్ట్‌ఫర్డ్ దాకా

బావ నా మేనత్త కొడుకు. విజయవాడ ఆటోనగర్‌లో మామయ్య లేత్ షాపులో ఇనుప రజను మధ్య పెరిగాడు. పదేళ్లు నిండకుండానే వెర్నియర్ చదవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్ దగ్గర విమాన ఇంజిన్ల విడిభాగాలు కొలిచి తనిఖీ చేసే ఉద్యోగం. పోయిన దసరాకు వాళ్లింటికి వెళ్లినప్పుడే ఈ పిస్తోలు అతని చేతికొచ్చింది. పక్కింటి పెద్దావిడకు భర్త పోయి ఏడాదయింది. ఆయన సొరుగు సర్దుతుంటే మేజోళ్ల కింద కనిపించిందట. ఇంట్లో ఉంచుకోవడం ఆవిడకు ఇష్టం లేదు, గుర్తుతెలియని వాళ్లకు అమ్మడమూ ఇష్టం లేదు. బావకు పిస్తోలు అనుమతి పత్రం ఉంది. రాష్ట్ర పోలీసుల దగ్గర బదిలీకి అనుమతి నంబరు తీసుకుని, కాగితాలన్నీ రాసుకున్నాకే ఇంటికి తెచ్చాడు.

అది కోల్ట్ కంపెనీ 1903 మోడల్. నల్లని నీలి పూత పిడి దగ్గర అరిగి ఉక్కు తెల్లగా తేలింది. బరువు ఏడువందల గ్రాములకు కాస్త తక్కువ. మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు పడతాయి. ఎక్కడా పదునైన అంచు లేదు, బట్టకు తగులుకునే కొమ్ము లేదు. జేబులోంచి తీసేటప్పుడు చిక్కుకోకూడదన్న ఒక్క ఆలోచనతోనే దాని ఒళ్లంతా నునుపు చేశారు. దీన్ని రూపొందించిన జాన్ బ్రౌనింగ్ యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో 1855లో పుట్టాడు. 1926లో బెల్జియంలోని లీజ్‌లో, తుపాకుల కర్మాగారంలో పనిలో ఉండగానే చనిపోయాడు. ఆయన గీసిన ఈ పిస్తోలును కోల్ట్ 1903 నుంచి 1945 దాకా చేసింది. .32 సైజులోనే అయిదున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ జనరల్స్‌కు నడుముకు పెట్టుకోవడానికి ప్రభుత్వం దీన్ని ఇచ్చింది.

అన్ని లక్షలు తయారైన వస్తువుకు ఒక చిన్న ముక్క దొరకడం ఎంతసేపు అనుకున్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

“అంబాసిడర్ కారు స్పేరు అడిగితే ఆటోనగర్‌లో మొదటి ప్రశ్న ఏంటి? ‘ఏ మార్కు? ఏ సంవత్సరం?’ ఇదీ అంతే. ముందు దీని జాతకం తెలియాలి.”

పేరును నమ్మకు, నంబరును నమ్ము

ఆ జాతకం ఫ్రేము ఎడమ పక్కన చెక్కిన నంబరులో ఉంటుంది. బయటికి అన్నీ ఒక్కలాగే కనిపించే ఈ పిస్తోళ్లలో సేకరించేవాళ్లు అయిదు రకాలు లెక్కపెడతారు. మొదటి రకానికి నాలుగంగుళాల గొట్టం, దాని మూతి దగ్గర విడిగా బిగించే బుష్ ఉంటాయి. 1908లో గొట్టాన్ని పావంగుళం కుదించారు. అది రెండో రకం. 1910లో ఆ బుష్ తీసేశారు. అక్కణ్నుంచి 1926 దాకా, అంటే 1,05,051 నుంచి 4,68,096 వరకు నంబర్లున్నవి మూడో రకం. ఆ తర్వాత వచ్చిన నాలుగో రకంలో ఒక మంచి మార్పు చేశారు. మ్యాగజైన్ బయటికి తీస్తే పిస్తోలు పేలకుండా ఆపే రక్షణ అందులో చేరింది. అయిదోది సైన్యానికి చేసినది.

బావ చేతిలోని దాని నంబరు మూడు లక్షల పైచిలుకు. అంటే మూడో రకం. మ్యాగజైన్ తీసినా పేలే రకం. పైగా కొక్కెం లేదు, లోపల తూటా ఉంది. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నంబరు ఎందుకు చూడాలంటే, ఈ పిస్తోలు పేరు, దాని మీద రాసి ఉన్న మాటలు కొన్ని మనల్ని పక్కదారి పట్టిస్తాయి. దీన్ని పిలిచే పేరు ‘పాకెట్ హ్యామర్‌లెస్’. సుత్తి లేనిది అని అర్థం. సుత్తి ఉంది, స్లైడ్ వెనక భాగంలో దాగి ఉంది. అందుకే విడిభాగాల జాబితాలో ‘హ్యామర్’ అని కనబడితే అది వేరే పిస్తోలుదేమో అని కొత్తవాళ్లు వదిలేస్తారు. స్లైడ్ మీద ‘రిమ్‌లెస్’ అని, అంటే అంచు లేని తూటా అని చెక్కి ఉంటుంది. ఈ .32 తూటాకు నిజానికి సన్నని అంచు ఉంది. కొక్కెం పట్టుకునేది ఆ అంచునే.

అసలు ఉచ్చు ఇంకొకటి. 1903లోనే కోల్ట్ కంపెనీ మరో పిస్తోలు కూడా తెచ్చింది. అది .38 సైజు, సుత్తి బయటికి కనిపించే ‘పాకెట్ హ్యామర్’. లోపలి పనితీరే వేరు, ఒక్క ముక్కా దీనికి కలవదు. కానీ బజారులో దాన్నీ ‘కోల్ట్ 1903’ అనే అంటారు. ఇక సముద్రం అవతల బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ బ్రౌనింగ్ ఆలోచనతోనే, అదే ఏడాది పేరుతో మరొకటి చేసింది. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఎఫ్ఎన్‌ది పొడవైన 9 మిల్లీమీటర్ల తూటా కోసం చేసిన పెద్ద పిస్తోలు. ముక్కలు అటువి ఇటు సరిపోవు. 1908లో కోల్ట్ ఇదే పిస్తోలును .380 సైజులో కూడా చేసింది. వాటిలో చాలా ముక్కలు ఒక్కటే, గొట్టం, మ్యాగజైన్ లాంటివి మాత్రం వేరు. ‘1903 కోల్ట్‌కు స్పేరు ఉందా?’ అని అడిగేవాడికి నాలుగు వేర్వేరు పిస్తోళ్ల ముక్కల్లో ఏదైనా రావచ్చు.

బావకు అదే వచ్చింది. మొదటి వ్యాపారికి నంబరు, రకం అన్నీ రాసి పంపినా, వచ్చిన పొట్లంలో .38 పిస్తోలు ముక్క ఉంది. తిరిగి పంపాడు. రెండోది సరైన పిస్తోలుదే, కానీ కొక్కెం మొన అరిగి గుండ్రంగా తేలింది. పట్టు లేని కొక్కెం ఉన్నా లేనట్టే. దాన్నీ తిరిగి పంపాడు. నేను హైదరాబాద్ వచ్చేశాక రాత్రిళ్లు ఫోన్‌లో ఈ వెతుకులాట వింటూ ఉండేవాణ్ని.

ఆ వింటున్న రోజుల్లోనే ఒక నంబరు గుర్తొచ్చింది. 168896.

అది భగత్‌సింగ్ పిస్తోలు నంబరు. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో బ్రిటిష్ పోలీసు అధికారి సాండర్స్ మీద పేలిన .32 కోల్ట్ ఆటోమేటిక్. కేసు ముగిశాక అది ఫిల్లౌర్ పోలీసు శిక్షణ పాఠశాలకు, అక్కణ్నుంచి ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ ప్రదర్శనశాలకు చేరి, మిగతా పిస్తోళ్ల మధ్య పేరు లేకుండా ఉండిపోయింది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూయడంతో నంబరు కూడా మూసుకుపోయింది. పంజాబ్‌కు చెందిన పాత్రికేయుడు జుపిందర్‌జీత్ సింగ్ పాత కోర్టు కాగితాల్లోని నంబరు పట్టుకుని ఏళ్ల తరబడి వెంటపడ్డారు. 2016లో ఆ రంగు గీకితే కింద అదే నంబరు బయటపడింది. ఇప్పుడది ఫిరోజ్‌పూర్ దగ్గర హుస్సేనీవాలాలో ఉంది. భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల సమాధి స్థలం పక్కనే.

168896. లక్షా అయిదువేలకు పైన, నాలుగు లక్షల అరవై ఎనిమిదివేలకు లోపల. మూడో రకం. బావ వంటింటి బల్ల మీదున్న దానికి అన్న వరస. ఆ కొక్కెం దీనికి సరిపోతుంది, ఈ కొక్కెం దానికి సరిపోతుంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఫోన్ అవతల బావ చాలాసేపు మాట్లాడలేదు. చంద్రశేఖర్ ఆజాద్ 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్‌ఫ్రెడ్ పార్కులో చివరిదాకా పట్టుకున్నదీ 1903 కోల్టే. అలహాబాద్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు అద్దం వెనక దాన్ని చూస్తారు.

స్పేరు పార్టు పుట్టిన లోయ

హార్ట్‌ఫర్డ్‌లో ఉండగా బావ నన్ను 91వ నంబరు హైవే మీద తీసుకెళ్తూ కుడివైపు చూడమన్నాడు. పాత ఇటుక కట్టడం మీద ఉల్లిపాయ ఆకారంలో నీలి గుమ్మటం, దాని మీద బంగారు చుక్కలు, కొసన ముందుకాళ్లెత్తిన గుర్రప్పిల్ల. కోల్ట్ కర్మాగారం. 1864లో అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్లీ కట్టినది. ఇప్పుడు తుపాకులు అక్కడ తయారు కావు. కంపెనీ ఊరి పడమరకు మారింది, 2021లో చెక్ దేశపు సంస్థ చేతిలోకి వెళ్లింది. పాత కట్టడం చుట్టూ జాతీయ చారిత్రక పార్కు ఏర్పాటు చేస్తున్నారు.

నాకు ఆ గుమ్మటం కంటే, అక్కణ్నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలోని మిడిల్‌టౌన్ ఎక్కువ ఆసక్తి. సిమియన్ నార్త్ అనే పనివాడు 1813లో అమెరికా ప్రభుత్వానికి ఇరవైవేల పిస్తోళ్లు చేసి ఇస్తానని ఒప్పందం రాసుకున్నాడు. అందులో ఒక షరతుంది. ఏ పిస్తోలులోని ఏ ముక్క తీసి ఇరవైవేలలో ఏ పిస్తోలుకు పెట్టినా సరిపోవాలి. ఈ రోజు మనకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆ రోజుల్లో ప్రతి తుపాకీ దేనికదే. ఒకదాని మర ఇంకోదానిలో తిరగదు, ఒకదాని సుత్తి ఇంకోదానిపై కూర్చోదు. ముక్క విరిగితే తుపాకీ మొత్తం కంసాలి దగ్గరికో కమ్మరి దగ్గరికో పోవాల్సిందే. ‘విడిభాగం’ అనే ఆలోచనే లేదు. యుద్ధంలో విరిగిన తుపాకులను రణరంగంలోనే బాగుచేసుకోవాలన్న అవసరం దాన్ని పుట్టించింది. ఫ్రాన్స్‌లో బ్లాంక్ అనే తుపాకుల పనివాడు మొదలుపెట్టిన ప్రయత్నం, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్, హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ కర్మాగారాల్లో, ఈ కనెక్టికట్ లోయలోని వర్క్‌షాపుల్లో దశాబ్దాల పాటు సాగి నిలదొక్కుకుంది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో శామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్లు పెడితే, యంత్రాలతో ఇలా చేయవచ్చా అని ఇంగ్లండ్ ఆశ్చర్యపోయింది.

కోల్ట్ కర్మాగారంలో పనిచేసిన ఇద్దరు, ఫ్రాన్సిస్ ప్రాట్, ఏమోస్ విట్నీ, 1860లో యంత్ర పరికరాల సంస్థ పెట్టారు. 1925లో ఆ సంస్థ అండతోనే అదే పేరుతో విమాన ఇంజిన్ల తయారీ మొదలైంది. కుట్టు మిషను, సైకిలు, టైపురైటరు, కారు.. అన్నిటి విడిభాగాల వెనకా తుపాకీ కర్మాగారాల్లో నేర్చిన కొలతలున్నాయి. ఆటోనగర్‌లో మామయ్య లేత్ మీద తిప్పిన ప్రతి బుష్‌కూ ఆ లోయతో చుట్టరికం ఉంది. ఈ మాట అన్నప్పుడు బావ కళ్లు చెమర్చాయి. మామయ్య పోయి మూడేళ్లు.

అంత కథ ఉన్నా, 1903 కోల్ట్‌లో ముక్క మార్చడం బల్బు మార్చినంత తేలిక కాదు. యంత్రం మీద చేసిన ముక్కను చివర్న ఆకురాయి పట్టిన మనిషి నూలుపోగంత గీసి కూర్చోబెట్టేవాడు. అందుకే ఒక పిస్తోలులోంచి తీసిన కొక్కెం ఇంకోదానిలో కొంచెం బిగుతుగానో, కొంచెం వదులుగానో ఉండవచ్చు. వదులైతే తూటా అంచును జారవిడుస్తుంది. బిగుతైతే మళ్లీ విరుగుతుంది. ఇక్కడ చేతి పని కావాలి, తెలిసిన చెయ్యి కావాలి. ట్రిగ్గర్‌కూ సుత్తికీ మధ్య ఉండే ముక్కలనైతే శిక్షణ పొందిన మెకానిక్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడ తప్పు జరిగితే పిస్తోలు తనంతట తానే పేలవచ్చు.

ముక్కలు ఎక్కణ్నుంచి వస్తాయి?

అమెరికాలో ఈ వ్యాపారం ఎంత పెద్దదో చూస్తే మనవాళ్లు నోరెళ్లబెడతారు. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూమ్‌రిచ్ అనే సంస్థ 1950 నుంచి పాత తుపాకుల విడిభాగాలే అమ్ముతోంది. ఏ పిస్తోలుకు ఏ ముక్క ఎక్కడ ఉంటుందో విడదీసి చూపించే బొమ్మలను అచ్చువేస్తుంది. బాగుచేసేవాళ్ల గోడల మీద ఆ బొమ్మలే కనిపిస్తాయి. పెన్సిల్వేనియాలో వుల్ఫ్ కంపెనీ స్ప్రింగులకు పేరుమోసింది. వందేళ్ల నాటి స్ప్రింగు ఎలాగూ నీరసించి ఉంటుంది కాబట్టి, స్ప్రింగు విషయంలో కొత్తదే నయం. కాలిఫోర్నియాలో ట్రిపుల్ కె వాళ్లు పాత పిస్తోళ్లకు కొత్త మ్యాగజైన్లు చేస్తారు. 2015లో కోల్ట్ అనుమతితో పెన్సిల్వేనియాలోని యూఎస్ ఆర్మమెంట్ సంస్థ ఈ 1903 మోడల్‌నే మళ్లీ తయారుచేసింది. అయినా పాతదానికి పాతదే వెతికేవాళ్లు ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే కంపెనీ మాలు, లోకల్ మాలు అన్న తేడా అక్కడా ఉంది.

ఇదంతా పోస్టులో ఇంటికొస్తుంది. కారణం చట్టం. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం పిస్తోలులో ఫ్రేము ఒక్కటే తుపాకీ కింద లెక్క. నంబరు ఉండేది దాని మీదే, కాగితాలు కావాల్సింది దానికే. స్లైడ్, స్ప్రింగు, కొక్కెం చాలా రాష్ట్రాల్లో మామూలు ఇనుప సామాను కిందే లెక్క. అందుకే పాత పిస్తోలు ఏదైనా పనికిరాకుండా పోతే దాన్ని ముక్కలు చేసి విడివిడిగా అమ్ముతారు. ఒకటి చచ్చి పదింటికి ఊపిరి పోస్తుంది.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. వీధుల్లో తుపాకులు తగ్గాలని జనం తమవి తెచ్చి పోలీసులకు అప్పగిస్తారు. వాటిని ధ్వంసం చేసే పని తీసుకున్న కొన్ని సంస్థలు ఫ్రేమును మాత్రం నలిపి, మిగతా ముక్కలన్నీ అమ్ముకుంటున్నాయని 2023లో అమెరికా పత్రికల్లో వచ్చింది. చట్టం దాటి చేసిందేమీ లేదు. కానీ తన చేత్తో తుపాకీని పోలీసు బల్ల మీద పెట్టి వచ్చిన తల్లి, అది పూర్తిగా పోయిందనే అనుకుంటుంది. ఆ నమ్మకానికి ద్రోహం చేసిన ముక్క తన పిస్తోలులోకి రాకూడదని బావ పట్టుబట్టాడు. ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొంటానన్నాడు. మూడు నెలలు పట్టడానికి అదీ ఒక కారణం.

మన దగ్గర లెక్క పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ‘ఆయుధం’ అన్న మాటకు చెప్పిన అర్థంలోనే విడిభాగాలూ చేరి ఉన్నాయి. అక్కడ ఇనుప సామాను అయిన కొక్కెం ఇక్కడ ఆయుధమే. అనుమతి లేకుండా విదేశం నుంచి పొట్లంలో తెప్పించుకోవడం నేరం. లైసెన్సు లేని మనిషి దగ్గర మరమ్మతు చేయించడమూ నేరమే. తాతల లైసెన్సు మీద వచ్చిన పాత పిస్తోళ్లు ఇంకా బీరువాల్లో ఉన్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సున్న పెద్దాయన పోతే ఆ ఇంట్లో వాళ్లు ముందు చేయాల్సింది దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవడం. తర్వాతే వారసత్వం సంగతి. అప్పగించడంలో ఆలస్యం వల్ల ఎన్ని కుటుంబాలు చిక్కుల్లో పడ్డాయో పోలీసులను అడిగితే చెబుతారు. దయచేసి ఎవరూ బీరువాలోంచి తీసి ‘ఖాళీయేలే’ అని స్లైడ్ లాగి చూడకండి. మొదట్లో చెప్పిన ఇత్తడి మెరుపు నేను కళ్లారా చూశాను.

పాత ముక్క విలువ

ఒకరోజు ఫోన్‌లో నేనే అడిగాను. “కొక్కెం ఒక్కటే ఎందుకు, అరిగిన గొట్టం కూడా మార్చెయ్యరాదూ?”

“గొట్టం ముట్టుకోను” అన్నాడు బావ.

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటాయి. వాటి గీతలు ప్రతి తూటా మీదా పడతాయి. ఏ రెండు గొట్టాల గీతలూ ఒక్కలా ఉండవు. ఇత్తడి తొడుగు మీద సూది దెబ్బ, కొక్కెం గీత కూడా ఆ పిస్తోలు సంతకాలే. నేర పరిశోధనలో తూటాను బట్టి తుపాకీని పట్టుకునేది వీటితోనే. అంటే ప్రతి ముక్క మార్పుతో ఆ వస్తువు జ్ఞాపకంలో కొంత చెరిగిపోతుంది. చారిత్రక పిస్తోలు అయితే ఆ నష్టానికి లెక్కే లేదు. హుస్సేనీవాలాలో ఉన్నదాన్ని ఎవరో మంచి మనసుతోనే మెరుగులు దిద్ది, కొత్త గొట్టం వేసి, నీలి పూత పూయించి ఉంటే అక్కడ ఏం మిగిలేది? తుప్పు పట్టకుండా పూసిన ఒక్క నల్లరంగే దాని పేరును దశాబ్దాలు మింగేసింది.

అందుకని బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. నాకది చాలా నచ్చింది. ప్రాణానికి ముప్పు తెచ్చేది మార్చాలి. నీరసించే స్ప్రింగు మార్చాలి. మిగతాది దేవుడి మాన్యంలా ముట్టుకోకుండా వదిలెయ్యాలి. పిడికి ఒక పక్క నల్ల రబ్బరు చెక్క బీటవారి ఉంది. కొత్త చెక్కలు సులువుగా దొరుకుతాయి. మార్చలేదు. ఆ బీట పక్కింటి ఆయన తండ్రి కాలం నాటిదట. పెద్దావిడ చూడగానే గుర్తుపట్టింది.

కోల్ట్ కంపెనీ పాత దస్తావేజుల నుంచి, నంబరు పంపితే ఆ పిస్తోలు ఏ రోజు కర్మాగారం గడప దాటిందో, ఎవరికి పంపారో రాసి ఉత్తరం ఇస్తుంది. బావ దానికి డబ్బు కట్టి, ఆ ఉత్తరాన్ని పెద్దావిడ పేరు మీదే తెప్పిస్తున్నాడు.

మూడో కొక్కెం జనవరిలో వచ్చింది. పాత తుపాకులు సేకరించే ఒక వృద్ధుడి దగ్గర, పగిలిన ఫ్రేము ఉన్న పిస్తోలులోంచి తీసినది. పోస్టులో వచ్చిన ముక్కతో పాటు ఆ ఫ్రేము నంబరు రాసిన చీటీ కూడా ఉంది. మూడో రకమే. బావ ఆ పెద్ద మెకానిక్ బల్ల దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. మొదటి సాయంత్రం ఆకురాయి అసలు ముట్టలేదట, కొలవడంతోనే సరిపోయింది. రెండో సాయంత్రం ఆ పెద్దాయన నాలుగు గీతలు గీసి, సన్నని సీల దూర్చి, ‘ఇక చాలు’ అన్నాడట.

ఆ ఆదివారం బావ వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించాడు. అదే బల్ల, అదే తువ్వాలు. మందు లేని ఎనిమిది డమ్మీ తూటాలు మ్యాగజైన్‌లో పెట్టి, గొట్టం గోడ వైపు తిప్పి, స్లైడ్‌ను ఒకసారి లాగి వదిలి తూటాను గొట్టంలోకి ఎక్కించి, ఇంకోసారి లాగాడు. ఒకటి ఎగిరి బల్ల మీద టంగుమని పడి, దొర్లి, తువ్వాలు అంచున ఆగింది. మళ్లీ లాగాడు. ఇంకొకటి. ఎనిమిదీ వచ్చేదాకా లాగాడు. చక్కెర డబ్బా చుట్టూ చెల్లాచెదరుగా పడ్డవాటిని ఏరి, వరసగా పెట్టి, వేలితో లెక్కపెట్టాడు.

విరిగిన పాత కొక్కెం పక్కనే చిన్న కాగితపు కవరులో ఉంది. కవరు మీద పిస్తోలు నంబరు, తేదీ తెలుగు అక్షరాల్లో రాశాడు. మామయ్య ఆటోనగర్‌లో గిరాకీల పాత ముక్కలను అలాగే పొట్లం కట్టి, పేరు రాసి తిరిగి ఇచ్చేవాడు.

ఎనిమిది లెక్క సరిపోయినా, బావ స్లైడ్ మళ్లీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. దీపం కిందకు వంచి చూశాడు. ఆపైన చిటికెన వేలు లోపలికి పెట్టి తడిమాడు.